శుక్రవారం సంత దాకా

మొన్న భద్రాచలం వెళ్లొచ్చిన పక్కింటావిడ ప్రసాదంతో పాటు ఇప్పపువ్వు లడ్డూల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా వంటింట్లో నిలబడి ఆ పొట్లం విప్పగానే, పాకం ముదిరి అడుగంటేటప్పటి వాసనలాంటి బరువైన తీపి వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. ఒక్కటీ తినలేకపోయాను. కిటికీ తెరిచి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మా ఊరు అడవి అంచున ఉండేది. మోదుగుపూలు రాలిపోయి ఉగాది దగ్గరపడే వేళకు ఇప్పచెట్లు పువ్వు రాల్చేవి. తెల్లవారకముందే గూడెం ఆడవాళ్లు బుట్టలతో చెట్ల కిందికి చేరి, మంచుకు తడిసిన పువ్వును ఏరి తెచ్చేవారు. ఎండ ఎక్కేసరికి వాకిళ్ల నిండా చాపల మీద పువ్వు ఆరుతూ, బావి నీళ్లకు కూడా ఆ వాసనే అంటినట్టుండేది. ఆ పువ్వుతో సారా కాచేదీ ఆ రోజుల్లోనే. మా నాయిన ఇక తాగనని ఒట్టు పెట్టుకునేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

నాయిన వడ్రంగి. నాగళ్లు, మంచాలు, గుమ్మాలు, పసిపిల్లల ఉయ్యాల తొట్లు, ఏది చేసినా చేయి చెప్పినట్టు వినేది, తాగని రోజుల్లో. తాగిన మర్నాడు అదే చేయి వణికి బాడిస గురి తప్పేది, గోళ్ల కింద నెత్తురు గడ్డ కట్టేది. ప్రతి ఉగాదికీ తలంటు పోసుకుని, తెల్లపంచె కట్టుకుని, అమ్మ కలిపిన పచ్చడి కళ్లకద్దుకుని తాగి, దేవుడి గూటి ముందు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, "ఈ ఏడాదంత ముట్ట" అనేవాడు. అన్నప్పుడు ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగేవి. నాలుగో రోజో ఆరో రోజో తూలుతూ ఇంటికి వచ్చేవాడు. ఒట్టు ఎలాగూ చెడింది కదా అన్నట్టు ఇక మిగిలిన ఏడాదంతా తాగేవాడు.

నేను ఐదో తరగతి చదువుతున్నప్పటి ఉగాది రోజున, నాయిన కర్పూరం బిళ్ల అరచేతిలో పెట్టుకోగానే అమ్మ వచ్చి ఆ చేతిని మూసేసింది.

"ఏడాది మాట చెప్పకు. శుక్రవారం సంత దాక ముట్టనని చెప్పు, చాలు."

"గదేం ఒట్టు? పసిపిల్లగాడు చెప్పినట్టు!"

"నీతోని అయ్యేదే చెప్పు. సంతకు పోయి మంచిగ తిరిగొస్తే, మళ్ల సంత దాక చూద్దాం."

నాయిన చిన్నబుచ్చుకున్నాడు. కానీ చెప్పాడు. శుక్రవారం పొద్దున ఆయన సంచి భుజాన వేసుకుంటుంటే, అమ్మ నాకు జడ వేసి, "పిల్లను తోలుకపో" అంది.

ఆ సంతలన్నీ ఇప్పటికీ నా ఒంట్లోనే ఉన్నాయి. ఎండుచేపల ఘాటు, గోనెసంచుల మీద కుప్పలు పోసిన మిరపకాయలు, చింతపండు, అడవి నుంచి తేనె తెచ్చి తునికాకు దొన్నెలో రుచి చూపించే ముసలాయన, మూకుడులో పొంగే బజ్జీలు, గాజుల మలారం ముందు నా మొండితనం, గొడ్డలికి పిడి అడుగుతూ నాయిన చుట్టూ మూగే రైతులు. తిరిగి వచ్చే దారిలో ఇప్పచెట్ల మలుపు దగ్గర సారా కుండలు పెట్టుకుని అమ్మేవాళ్లుండేవారు. "రావయ్యా వడ్లాయనా" అని నాయినను పిలిచేవాళ్లు. నాయిన నా చేయి పట్టుకుని ముందుకే చూస్తూ నడిచేవాడు. ఆ నాలుగడుగుల దారిలో ఆయన అరచేయి చెమటతో తడిసిపోయేది, నా వేళ్లు నొప్పి పుట్టేవి. ఇంటికి రాగానే అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి, "ఇంకో సంత" అనేది. అంతే. పొగిడేది కాదు, పండగ చేసేది కాదు.

అలా ఒక్కో సంతా దాటింది. తునికాకు కోతలైపోయాయి, మామిడిపండ్లైపోయాయి, వాగు పొంగి రెండు వారాలు సంతే జరగకపోతే చూరు కింద కూర్చుని నాకు పీట చేసి పెట్టాడు. దాని అంచున చుక్కల ముగ్గు చెక్కాడు, ఒక్క గీత కూడా వణకలేదు. అమ్మ బియ్యం చెరుగుతూ కూనిరాగం తీయడం నేను మొదటిసారి విన్నది ఆ వానల్లోనే.

బతుకమ్మ రోజులొచ్చాయి. నాయిన అడవిలోకి వెళ్లి తంగేడు, గునుగు మోపులుగా తెచ్చాడు. మా బతుకమ్మే వాడలో పెద్దది. ఆ గర్వంతో నేను ఆడుతుంటే, నా ఈడు పిల్ల ఒకతి అందరిలో నవ్వింది: "మీ నాయిన సంత దాకనే మంచోడంట కద, తెల్లారి ఏమైతడో!" మిగతా పిల్లలూ నవ్వారు. నా ముఖం మండిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ చేనుకు వెళ్లాక, ఉలులు నూరుకుంటున్న నాయిన దగ్గరికి వెళ్లి, జన్మలో తాగనని ఒట్టు పెట్టమన్నాను.

"సంత దాక చాలదా బిడ్డా?"

"చాలదు. అందరు నవ్వుతుండ్రు."

ఆయన మళ్లీ ఉలి మీదికి వంగాడు. నేనే ఆయన చేయి లాగి నా తల మీద పెట్టుకున్నాను. ఆ చేయి చాలాసేపు కదలకుండా ఉంది. తరువాత మెల్లగా, "జన్మల ముట్ట" అన్నాడు. నేను గెంతుకుంటూ ఆడుకోవడానికి వెళ్లాను.

నాలుగో రోజు దసరా. సాయంత్రం మగవాళ్లంతా జమ్మికి వెళ్లి, ఆకు చేతుల్లో పెట్టుకుని అలాయ్ బలాయ్ అని కౌగిలించుకున్నారు. పండుగపూట ఒక్క చుక్క అని ఎవరో బలవంతం చేశారట. ఆయన దీపాలు పెట్టే వేళకు తూలుతూ వచ్చి, గుమ్మంలోనే కూలబడి, నన్ను చూసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

వారం తిరక్కుండా నాకు చలిజ్వరం పట్టుకుంది. మా అడవి ఊళ్లలో వానల వెనక అది ప్రతి ఇంటికీ వచ్చేదే. కానీ నాయిన నన్ను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తి, భద్రాచలం దవాఖానాలో నా మంచం పక్కన నేల మీద కూర్చుని, "జన్మల ముట్టనని పిల్ల తల మీద ఒట్టు పెట్టిన, అదే పిల్లను పట్టింది" అని తల బాదుకున్నాడు.

"సంత దాక అనుకున్నం కద," అంది అమ్మ ఏడుస్తూ. "అంత పెద్ద ఒట్టు నిన్ను ఎవరడిగిండ్రు?"

నేను కళ్లు తెరిచే ఉన్నాను. నాయిన నా వైపు చూశాడు. "ఎవరడగలే. నాకే బుద్ధి పుట్టింది," అన్నాడు.

నేను బతికాను. ఆయనే ఆ తాగుడు నుంచి తిరిగి లేవలేదు. మరుసటి ఉగాదికి అమ్మ చేతులు పట్టుకుని బతిమాలింది, సంత దాకా వద్దు, రేపటి దాకా అను అంది. ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు. "నాతోని మాట చెప్పియ్యకు. పిల్ల బతికుండనీ," అన్నాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి, అదే దవాఖానాలో పోయాడు.

అమ్మ కూలికి వెళ్లి నన్ను చదివించింది. ఉద్యోగం వచ్చాక ఖమ్మం తెచ్చుకున్నాను. ఏటా ఉగాది పచ్చడి తాగి గ్లాసు కింద పెడుతూ ఒకే మాట అనేది: "సంత సంతకు మంచిగ పోయినోడు, ఎందుకట్ల జన్మ ఒట్టుకు ఎగిరిండో." నేను తల వంచుకునేదాన్ని. ఈ ఏడు ఎట్లైనా చెప్పాలని ప్రతి ఉగాదికీ అనుకునేదాన్ని. పెద్ద పనేం కాదు, ఒక్క మాట. అమ్మా, నేనే అడిగాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. పోయిన కార్తీకంలో అమ్మ వెళ్లిపోయింది.

మా ఊరి దారి మలుపులో ఇప్పచెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. వాగు మీద వంతెన వచ్చింది. సంత ఉందో లేదో తెలియనంతగా దుకాణాలొచ్చాయి. మొన్నటి ఉగాదికి ఒక్కదాన్నే పచ్చడి కలుపుకున్నాను. తాగి గ్లాసు కింద పెట్టాక, అలవాటు కొద్దీ తల వంచుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.