రెండో కర్చీఫ్

హాల్లో దీపాలు ఆరిన కాసేపటికి వెనక వరసలో ఎవరో దగ్గారు. వెంటనే ఇంకొకరు. ఆ తర్వాత నా గొంతులోనూ సన్నగా గరగర మొదలైంది. గుంటూరు వాడికి ఆ దగ్గుకి కారణం చెప్పక్కర్లేదు. మిరపకాయలు మార్కెట్ యార్డుకి వచ్చే రోజులవి. బస్తాల మధ్య తిరిగినవాళ్ళెవరో చొక్కా మార్చుకోకుండా మ్యాట్నీకి వచ్చి ఉంటారు. తలుపులన్నీ మూసేసి ఏసీ నడిపే ఈ కొత్త హాళ్ళలో ఆ ఘాటు ఎటూ పోదు, వరసల మధ్యే తిరుగుతూ ఉంటుంది.

నా భార్య పోయిన తర్వాత నేను చూస్తున్న మొదటి సినిమా అది. ఇంట్లో ఉండలేక వచ్చాను. వచ్చాక ఇక్కడా ఉండలేననిపించింది. ఇంటర్వెల్లో లేచి వెళ్ళిపోదామని అనుకుంటూనే కూర్చున్నాను. కూర్చునేటప్పుడు చేసిన పని నాకు తెలియకుండానే చేశాను. జేబులోంచి కర్చీఫ్ తీసి పక్కనున్న ఖాళీ సీటు మీద వేశాను. టార్చిలైటుతో సీట్లు చూపించే అమ్మాయి అది చూసి నవ్వింది. "సార్, టికెట్ మీద నంబర్లుంటాయి కదండీ. ఆ సీటు ఎవరూ తీసుకోలేదు కూడా. కర్చీఫ్ ఎందుకు?" అంది. అలవాటమ్మా అన్నాను. ఆ అలవాటు నాకు నేర్పిన మనిషి పేరు అనసూయ. పేపర్లో పనిచేసినన్నాళ్ళూ ఎంతోమంది గురించి రాశాను గానీ ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ జీవితంలో వార్త అయ్యే సంగతేదీ జరగలేదు మరి.

అనసూయ మేడం మాకు డిగ్రీలో చరిత్ర చెప్పేవారు. పర్చూరు దగ్గర పొగాకు రైతుల ఇంటి ఆడపిల్ల. పెళ్ళి చేసుకోలేదు. బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో ఒక్కరే ఉండేవారు. ఎండాకాలమైనా వానాకాలమైనా చేతిలో గొడుగు, మగవాళ్ళు అందుకోలేని నడక. సినిమాని మా వైపు బొమ్మ అంటారు. గోడకి తగిలించిన చిత్రాన్నీ బొమ్మే అంటారు. ఆవిడకి రెండూ ఒకటే, రెండూ కావాలి. శుక్రవారం పాఠం అయిపోయి పుస్తకం మూశాక, "కొత్త బొమ్మ పడిందంట. వచ్చేవాళ్ళెవరు?" అనేవారు. క్లాసు మొత్తం నవ్వేది. చివరికి వెళ్ళేది మేము ముగ్గురమే. దర్శి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే రాంబాబు, మంగళగిరి నేతగాళ్ళ అమ్మాయి వసంత, నేను. మాకు సినిమా అంటే ఏమిటో నేర్పడానికే ఆవిడ మమ్మల్ని వెంటబెట్టుకు పోతున్నారని చాలాకాలం అనుకున్నాను.

అప్పటి హాళ్ళలో నంబర్లు లేవు. ముందు వెళ్ళినవాడు ఏ కుర్చీ మీద కర్చీఫ్ వేస్తే ఆ కుర్చీ వాడిది. తువ్వాలు వేసినా చెల్లేది, పుస్తకం పెట్టినా చెల్లేది. నాకు సైకిలుంది కాబట్టి ముందుగా పోయి సీట్లు ఆపడం నా పని. రాంబాబు, వసంత తలా ఒక కర్చీఫ్ నా చేతిలో పెట్టేవాళ్ళు. మేడం మాత్రం రెండిచ్చేవారు. ఒకటి మామూలుది. రెండోది వసంత వాళ్ళ మగ్గం మీద మిగిలిన ముక్కతో కుట్టించినది, సన్నటి జరీ అంచుది. "ఇది నా ఎడమ పక్క సీటుకి," అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు.

ఆ సీటు ఎవరిదన్న దాని మీద మాలో మాకు చాలా చర్చ నడిచింది. రాంబాబు లెక్క ప్రకారం ఆయనెవరో మిలటరీలో ఉన్నాడు, సెలవు దొరకడం లేదు. "పాపం రా, ఎప్పటికైనా వస్తాడని ఆపుతుంది," అన్నాడొకసారి గొంతు తగ్గించి. వసంత వాడి నెత్తి మీద ఒకటి మొట్టింది. "నోర్ముయ్యరా. ఆడమనిషి ఒంటరిగా కనపడితే చాలు, నువ్వు పెళ్ళి చేసేస్తావ్." పక్కన ఏ మగవాడో కూర్చుని మోచెయ్యి ఆనించకుండా ఆ ఏర్పాటని వసంత అనుకునేది. నాకూ అదే సబబుగా తోచింది.

ఒకసారి పెద్ద సినిమా వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది. పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి జరీ కర్చీఫ్ ముందు నిలబడ్డాడు. మనిషి లేకుండా గుడ్డకి సీటేంటమ్మా అన్నాడు. వస్తారండి అన్నారు మేడం. ఎవరొస్తారని ఆయన, వచ్చినాక చూద్దురుగాని అని ఈవిడ. చుట్టుపక్కలవాళ్ళు ఆయన పక్షమే మాట్లాడారు. నాకు సిగ్గేసి తల వంచుకున్నాను. పేర్లు పడడం అయిపోయాక, చీకట్లో కుర్చీల వీపులు తడుముకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. తనవాళ్ళు ముందు వచ్చి ఎక్కడ కూర్చున్నారో ఆమెకి తెలియడం లేదు. మేడం లేచి, కర్చీఫ్ తీసి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. సినిమా అంతా ఆ ముసలమ్మ పెద్ద గొంతుతో అడుగుతూనే ఉంది, ఆ పిల్ల ఎందుకేడుస్తంది, వాడు వీడి అన్నా తమ్ముడా అని. మేడం ఒక్కదానికీ విసుక్కోకుండా చెబుతూనే ఉన్నారు. మాకు సినిమా సగం వినపడలేదు. బయటికొచ్చాక రాంబాబు, "మిలటరీ ఆయన కాదన్నమాట," అన్నాడు నా చెవిలో, నిజంగానే నిరాశపడినట్టు.

ఆ చలికాలంలోనే ఊళ్ళో చిత్రకళా ప్రదర్శన పెడితే మమ్మల్ని తీసుకెళ్ళారు. రాంబాబు ఒక చుట్టు చుట్టి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పుడే అయిపోయిందా అని మేడం అడిగితే, "చూశానండి. అన్నీ గోడకే ఉన్నయ్," అన్నాడు. మేడం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను మాత్రం విమర్శకుడిలా చేతులు కట్టుకుని పత్తి ఏరుతున్న ఆడవాళ్ళ బొమ్మ ముందు నిలబడ్డాను. ఎంతసేపు నిలబడితే అంత గొప్ప అన్న వయసది. ఆవిడ వెనక నుంచి వచ్చి నా మోచెయ్యి తాకారు.

"కొంచెం ఇటు జరుగు నాయనా. బొమ్మకి ఎదురుగా మధ్యలో నిలబడితే వెనకాలవాళ్ళకి నీ వీపే బొమ్మ."

కాలేజీలో ఆ వారమంతా రాంబాబు నన్ను వీపుబొమ్మ అని పిలిచాడు. ఆవిడ అలా అన్నాక గానీ నేను గమనించలేదు. ఆవిడ ప్రతి బొమ్మ ముందూ కాస్త పక్కగా, ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడుతున్నారు. తర్వాత పేపరు డెస్కులో కూర్చుని వార్తలు దిద్దిన ఏళ్ళలో నాకు బాగా ఉపయోగపడింది ఆ మాటే. రాసినవాడి వీపు అడ్డం వచ్చిన చోటల్లా కొట్టేసేవాణ్ణి.

చివరి ఏడాది, పరీక్షలకి ముందు చూసిన సినిమా నుంచి తిరిగొస్తూ బజ్జీల బండి దగ్గర ఆగాం. మేడం, ఆ సీటు ఎవరికండీ అని వసంత అడిగేసింది. ఆవిడ చేతిలో బజ్జీ చల్లారేదాకా ఊదుతూ ఉండి, తర్వాత చెప్పారు. ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన కొత్తలో ఎవరూ తెలియక ఒక్కరే సినిమాకి వెళ్ళారట. వెళ్ళేసరికి దీపాలు తీసేశారు.

"ఖాళీ కుర్చీలు కనపడతానే ఉన్నయ్. వంగి కూర్చోబోతే ఎవరో ఒకళ్ళు చెయ్యి అడ్డం పెట్టి, ఉన్నారండి, వస్తారు అంటారు. గోడకి ఆనుకుని నిలబడ్డా. ఇంటర్వెల్లో దీపాలు వేసినాక చూస్తే వాటిల్లో చాలావాటికి మనిషి లేడు. గుడ్డలే కూర్చున్నయ్."

"మరి మిగతా కథండీ?" అంది వసంత.

"తెలీదు. ఇంటికి పోయా. మళ్ళీ మీరు దొరికిందాకా హాలు మొహం చూడలేదు. మీకేదో నేర్పుతున్నా అనుకుంటున్నారేమో. మీరు తోడొస్తేనే నేను బొమ్మ చూసేది."

రాంబాబు తన పొట్లంలోంచి ఒక బజ్జీ తీసి ఆవిడ పొట్లంలో పెట్టాడు.

ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. నాకు డెస్కు ఉద్యోగం, రాంబాబుకి దర్శిలో వ్యవసాయం, వసంతకి హైదరాబాదు కాపురం. మేడం రిటైరై పర్చూరు వెళ్ళిపోయారు. ఆ వైపు పనిబడి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్ళాను. వసారాలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో ఆవిడ. రెండోదాని మీద ఉతికి ఉతికి అంచు నల్లబడిన జరీ కర్చీఫ్. ఎవరైనా వస్తున్నారా మేడం అని అడిగాను.

"పొద్దున్నే వేస్తా, ఎవరో ఒకళ్ళు రాకపోతారా అని. దీపాలవేళకి తీసేస్తా." కర్చీఫ్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇయ్యాళ నువ్వొచ్చావుగా. కూర్చో."

బస్సు వేళ దాకా కూర్చున్నాను. ఎక్కువగా రాంబాబు గురించే అడిగారు. మళ్ళీ ఆవిడని చూడలేదు. ఆ వేసవిలోనే పోయారు.

అప్పటి నుంచి నా జేబులో రెండు కర్చీఫులుంటాయి. ఒకటి మొహానికి, ఒకటి సీటుకి. నా భార్య రెండూ ఇస్త్రీ చేసి ఇస్తూ, "మీకు రెండు ముక్కులున్నాయా?" అనేది. సినిమాకి వెళ్ళినప్పుడు తను నాకు ఒక పక్క, కర్చీఫ్ ఇంకో పక్క. ఇప్పుడు ఇస్త్రీ నేనే చేసుకుంటున్నాను, మడతలు సరిగా రావు. రాంబాబు గుండెపోటుతో వెళ్ళిపోయాడు. వసంత రోజూ ఉదయం పూలబొమ్మతో శుభోదయం పంపుతుంది. మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ముగ్గురమే. ఒక నంబరు నుంచి ఇక ఏదీ రాదు. అయినా ఎవరమూ దాన్ని తీసెయ్యలేదు. అదీ ఒక కర్చీఫే.

వెనక వరసలో దగ్గులు గొణుగుళ్ళయ్యాయి. యార్డు నుంచి వచ్చిన ఆ మనిషిని ఎవరో కాస్త అవతలికి పొమ్మన్నట్టున్నారు. తెర వెలుగులో ఒకతను లేచి, వంగి, పక్కకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడడం కనిపించింది. టికెట్ కొనుక్కున్న సీటు ఉండి కూడా. నేను అతన్నే చూస్తూ ఉండిపోయాను. తెర మీద ఏం జరిగిందో నాకు తెలియదు.

కర్చీఫ్ తీసి చెయ్యి ఊపాను. అతను నన్నేనా అన్నట్టు చూసి వచ్చాడు.

"ఘాటొస్తదేమోనండి. యార్డు నుంచి అట్టే వచ్చేశా," అన్నాడు.

"వస్తుంది. కూర్చో."

కూర్చున్నాడు. నేను దగ్గాను, తను కూడా దగ్గాడు. కాసేపాగి, ఇందాక బొమ్మలో ఆ పెద్దాయన ఎందుకు వెళ్ళిపోయాడండీ అని గుసగుసగా అడిగాడు. నేనూ చూడలేదన్నాను. ఇద్దరం కలిసి ఏదో ఊహించుకున్నాం. ఇంటర్వెల్లో నేను లేవలేదు. సినిమా అయిపోగానే అతను ఫోను చెవికి పెట్టుకుని, తల ఊపి, జనంలో కలిసిపోయాడు. పేరు అడగలేదు.

బయట ఎండ ఇంకా ఉంది. ఆటో కోసం నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. తీసింది రెండో కర్చీఫ్. అతను కూర్చున్నంతసేపూ అది మా ఇద్దరి మధ్య కుర్చీ చేతి మీద, అతని మోచెయ్యి కిందే ఉంది. కళ్ళు భగ్గున మండాయి. మంట తగ్గేదాకా అక్కడే, కాస్త పక్కగా జరిగి నిలబడ్డాను.