మచ్చ పైకి వచ్చే మడత

నా చిన్నప్పుడు మా ఇంట్లో చీర మడతపెట్టే పద్ధతి ఒకటి ఉండేది. నేతలో ఎక్కడైనా పోగు తెగి ముడిపడినా, రంగు కాస్త తేలిపోయినా, మా తాతయ్య ఆ చోటు సరిగ్గా పై మడతలోకి వచ్చేలా మడిచేవాడు. కొనేవాళ్ల కన్ను మొదట పడేది దాని మీదే. చల్లపల్లి పక్కన మా నేతగాళ్ల వీధిలో ఇంకెవరూ అలా మడిచేవారు కాదు. మచ్చను లోపలికి తోసి అంచును పైకి తెచ్చేవారు. మా అమ్మమ్మయితే దాన్ని మన కడుపు మనమే కొట్టుకునే మడత అనేది. నేను అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకునేదాన్ని కాబట్టి ఆ దెప్పుళ్లు వారానికి రెండుసార్లయినా నా చెవిన పడేవి. నాకూ అమ్మమ్మ చెప్పిందే సబబనిపించేది.

అమ్మ చెల్లెలు, మా పిన్ని, అప్పటికి పెళ్లికాని పిల్ల. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు రెండు కాళ్లతోనూ చెక్కలు తొక్కాలి. అది ఆమె వల్ల కాలేదు. ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే ఆయన దగ్గర చేరి మూడేళ్లు ఓపిగ్గా పని నేర్చుకుంది. తీరా చెయ్యి తిరిగేసరికి ఆయన స్టూడియో మూసేసి, కెమెరాతో సహా వెళ్లిపోయాడు. పని వచ్చు, పనిముట్టు లేదు.

ఆ రోజుల్లోనే హనుమాన్ జంక్షన్ నుంచి ఒకావిడ కూతురి పెళ్లికి మధుపర్కాలు నేయించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. పిన్ని తీసిన ఫొటోలు గోడ మీద చూసి, పెళ్లి ఫొటోలు నువ్వే తియ్యకూడదా అమ్మాయ్, ఆడపిల్ల తీస్తే మా ఇంటి ఆడవాళ్లు మొహాలు తిప్పుకోరు అంది. పిన్ని వెంటనే ఒప్పేసుకుంది. ఆవిడ అటు వెళ్లగానే, కెమెరా ఏదే అని అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది.

తాతయ్య వారం తిరక్కుండా మాకున్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేశాడు. దాన్ని విప్పి, కర్రలన్నీ కట్టగట్టి బండికెక్కించిన తర్వాత గదిలో గుంట ఒక్కటే మిగిలింది. రోజూ పొద్దున్నే లేచి ఆ గుంట వైపు చూడకుండా గోడవారగా నడిచేదాన్ని. నేను అసలే భయస్తురాలిని. ఆ డబ్బుతో బెజవాడ వెళ్లి కెమెరా కొనాలి, వీధిలో ఎవరిని కదిపినా బెజవాడ మోసాల కథలే. ఎవరో కొత్త రేడియో కొనుక్కొస్తే పెట్టెలో ఇటుకరాయి ఉందట. ఇంకెవరికో పాత గడియారానికి కొత్త పట్టీ వేసి అంటగట్టారట. కెమెరా విషయంలో అలాంటిదేమైనా జరిగితే మాకు ఇటు అమ్మిన మగ్గమూ లేదు, అటు కెమెరా లేదు, ఒప్పుకున్న పెళ్లి మాత్రం మీదికొచ్చేస్తుంది.

పెళ్లి ఇంకా నాలుగు రోజులుందనగా ముగ్గురం బెజవాడ బస్సెక్కాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే, నాకు ఇంగ్లీషు అక్షరాలు చదవడం వచ్చు. పెట్టె మీద రాసినవీ కెమెరా మీద రాసినవీ ఒకటేనో కాదో చూసే పని నాది. కంకిపాడు దాటేవరకూ ఏ నుంచి జెడ్ దాకా మనసులో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. కిటికీ పక్కన పిన్ని చేతిసంచి గుండెకు హత్తుకుని కూర్చుంది. తాతయ్య మాత్రం హాయిగా కునుకు తీశాడు. ఆ నిద్ర చూస్తే నాకు ఒళ్లు మండింది.

మొదటి కొట్టు చాలా పెద్దది. గాజు బీరువాలు, తిరిగే ఫ్యాన్లు, కూర్చోగానే చేతికి కూల్‌డ్రింకు. పిన్ని కెమెరా పేరు చెప్పీ చెప్పకముందే తనకు అలవాటున్న కెమెరాయే బల్ల మీదికొచ్చింది. ధర కూడా మేం అనుకున్న దానికంటే తక్కువే చెప్పారు. పిన్ని దాన్ని చేతిలోకి తీసుకున్న తీరు చూసి, ఇక కొన్నట్టే అనుకున్నాను. అప్పుడు తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"దీంట్లో లోపం ఏంటండీ?"

కొట్టాయన నవ్వాడు. "లోపమా? మా కొట్లో లోపమున్న సరుకే ఉండదండీ పెద్దాయనా."

తాతయ్య తల పంకించి, గ్లాసు కింద పెట్టి, లేచాడు. రెండో కొట్లోనూ అదే తంతు. అక్కడున్న కుర్రాడు, కంపెనీ సరుకులో లోపాలు వెతుకుతారేంటండీ అని మమ్మల్ని ఎగాదిగా చూశాడు. నాకు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. బయటికొచ్చాక పిన్ని రోడ్డు మీదే నిలబడిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. కాలు నొప్పికి తెల్లబడిన మొహంతో, ఏడుపు దిగమింగుకుంటూ అంది.

"నాన్నా, కెమెరా అడిగితే ఇస్తారు గానీ లోపం అడిగితే ఎవరిస్తారు?"

"ఇచ్చేవాడే కావాలమ్మా మనకి" అన్నాడు తాతయ్య. ఆ క్షణంలో నాకు ఆయన మీద వచ్చినంత కోపం మళ్లీ జీవితంలో ఎవరి మీదా రాలేదు.

మూడోది కొట్టంటే కొట్టు కాదు. ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్లాలి. పిన్ని గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. పైన సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకాయన కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో బాగుచేస్తున్నాడు. మేం అడిగిన కెమెరా ఉందన్నాడు, కానీ తీసి ఇవ్వడానికి తొందరపడలేదు. దేనికి కావాలి, ఎవరు తీస్తారు, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగాడు. తాతయ్య మళ్లీ అదే ప్రశ్న వేశాడు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. నవ్వు వినపడలేదు. తలెత్తి చూస్తే ఆయన భూతద్దం తీసేసి ఆలోచిస్తున్నాడు.

"రెండున్నాయండీ" అన్నాడు. "మీది కాలవల నేల కదా, ఆ చెమ్మకి లోపల అద్దానికి బూజు పడుతుంది. బీరువాలో దాచకండి, గాలి తగిలేచోట పెట్టండి. రెండోది, తెల్లబట్ట కనపడితే ఇది వెలుతురు ఎక్కువుందనుకుని మోసపోతుంది. మధుపర్కాల్లో ఉన్న పెళ్లికొడుకుని దీని లోపలి వెలుతురు ముల్లు చెప్పినట్టే తీశారనుకోండి, మొహం నల్లబడిపోతుంది. ఇదే కాదు, ఈ రకం కెమెరాలన్నీ అంతే. కొనేవాళ్లకి ఎవరూ చెప్పరు."

పిన్ని గబుక్కున తలెత్తింది. మూడేళ్లు పని నేర్చుకుంది స్టూడియో గదిలో, ఎప్పుడూ ఒకేలా వెలిగే దీపాల కింద. పెళ్లి పందిట్లో ఆమె ఎప్పుడూ ఫొటో తియ్యలేదు.

సరిగ్గా అప్పుడే తాతయ్య ఓ పని చేశాడు. కెమెరాలో వేసే రీలు చూపించమంటే కొట్టాయన ఒకటి తీసి తాతయ్య చేతికిచ్చాడు. మేమంతా కెమెరా వైపు చూస్తున్నాం. తాతయ్య రీలు కొస పట్టుకుని సర్రున బయటికి లాగి, మోచేతి నుంచి వేలికొస దాకా చాచి, మూరలు వేసి కొలవడం మొదలుపెట్టాడు. తానులో గజం తగ్గిస్తారేమో చూసుకోవడం బట్టలవాళ్లకి పుట్టుకతో వచ్చే అలవాటు. వెలుతురు తగిలితే రీలు పాడైపోతుందని ఆయనకేం తెలుసు? రెండో మూర దగ్గర పిన్ని చూసింది. అయ్యో నాన్నా, రీలు పాడైపోయింది అని కళ్లు మూసుకుంది.

సంగతి తెలిశాక తాతయ్య మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. పంచె కొంగుతో నుదురు తుడుచుకుని, తప్పయిపోయిందండీ, దీని వెల కూడా వేసుకోండి అన్నాడు. ఎవరేమన్నా తన మడత మార్చని మా తాతయ్య ఒకరి ముందు తలవంచడం నేనెప్పుడూ చూడలేదు. ఇక ఈయన కూడా మమ్మల్ని గెంటేస్తాడు, ఈ రోజుకి కెమెరా లేనట్టే అనుకున్నాను.

ఆయన ఆ రీలును నెమ్మదిగా చుట్టలు చుట్టాడు. "తప్పు నాదండీ. చేతికిచ్చేటప్పుడే చెప్పి ఇవ్వాల్సింది" అన్నాడు. తర్వాత దాన్ని పిన్ని చేతిలో పెట్టి, కొత్త కెమెరాలో ఎక్కించమన్నాడు. తియ్యమన్నాడు, మళ్లీ ఎక్కించమన్నాడు. చూడకుండా వేళ్లతోనే ఎక్కించగలిగేదాకా వదల్లేదు. చెడిపోయిన రీలు కాబట్టే పిన్ని భయపడకుండా నేర్చుకుంది.

అంతటితో కెమెరా కట్టి ఇచ్చేస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. ఎంత కొత్తదైనా ఒక్కసారి తీసి చూసుకోకుండా పెళ్లికి తీసుకెళ్లొద్దని, ఈసారి మంచి రీలు ముక్క ఒకటి వేసి పిన్నిని మేడ మీదికి పంపాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద తెల్ల కండువాతో తాతయ్యనే ఎండలో నిలబెట్టి రెండు ఫొటోలు తియ్యమన్నాడు. ఒకటి కెమెరా చెప్పినట్టు. రెండోది కెమెరా మాట వినకుండా, వెలుతురు ఒక మెట్టు పెంచి. తీసిన రీలు ఆయనే వెనక చీకటిగదిలోకి తీసుకెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ రెండు గంటలూ ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆ తలుపు వెనక మా కెమెరా గుణం తేలిపోతుంది. పిన్ని నీళ్లు కూడా ముట్టలేదు. నేను కెమెరా నంబరు, పెట్టె మీది నంబరు పక్కపక్కన పెట్టి ఇరవైసార్లు చదివాను. తాతయ్య ఈసారి కునుకు తియ్యలేదు. గుమ్మం దగ్గరే నిలబడి కండువా మడతపెట్టడం, విప్పడం. అది చూశాకే నాకు అర్థమైంది. బస్సులో ఆయన నిద్రపోలేదు, కళ్లు మూసుకున్నాడంతే. నాకంటే ఎక్కువ భయపడింది ఆయనే.

తలుపు తెరుచుకుంది. ఇంకా తడారని రెండు ఫొటోలు బల్ల మీద పెట్టాడు. వెలుతురు పెంచి తీసినదాంట్లో మా తాతయ్య కళ్లూ, మీసమూ, నుదుటి ముడతలూ అన్నీ ఉన్నాయి. కెమెరా చెప్పినట్టు తీసినదాంట్లో బట్టలు ఉన్నాయి గానీ మొహం ఉన్నచోట నల్లటి నీడ. పిన్ని రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. పెళ్లిలో మొహాలన్నీ ఇలాగే వచ్చి ఉండేవి కదండీ అని అడిగింది. అవునమ్మా అన్నాడాయన. ఏ కొట్లో కొన్నా ఇంతేనని మళ్లీ చెప్పాడు.

బిల్లు ఆయనే రాసి, అందులో వేసిన నంబరు నా చేత పైకి చదివించాడు. తాతయ్య డబ్బు ఇచ్చాక చేతులు జోడించాడు. పాడైన రీలుకు ఎంత బతిమాలినా ఆయన ఏమీ తీసుకోలేదు. వస్తూ వస్తూ మెట్ల మీద తాతయ్య పిన్నితో అన్నాడు. "ఆయన మచ్చని పైకి మడిచాడమ్మా." పిన్ని గోడని వదిలేసి తాతయ్య భుజం పట్టుకుని మెట్లు దిగింది.

పెళ్లికి నేనూ వెళ్లాను. మా మగ్గం మీద నేసిన మధుపర్కాలే కట్టుకుని వధూవరులు పీటల మీద కూర్చున్నారు. పిన్ని వెలుతురు ఒక మెట్టు పెంచడం నా కళ్లారా చూశాను. అయినా ఫొటోలు వచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు. వచ్చాయి. ముందు అమ్మమ్మే లాక్కుని చూసింది. పెళ్లికొడుకు మొహం మీద వేలు పెట్టి, కనుబొమ్మల మధ్య బాసికం కూడా కనపడుతోందే అంది. మరుసటి నెలలో ఆ గుంట పూడ్చి, అలికి, గదిని పిన్నికి స్టూడియో చేశారు. ఆ గదిలో ఆమె ముప్పయ్యేళ్లు పనిచేసింది. ఆ కెమెరాని ఒక్కరోజు కూడా బీరువాలో పెట్టలేదు.

మొన్న మా మనవరాలు కొత్త కెమెరా కొంటానని ఫోను ముందేసుకుని కూర్చుంది. ఒక కొట్టు చూపించి, అందరూ అయిదు చుక్కలు ఇచ్చారు అమ్మమ్మా అంది. పొగిడినవాళ్లవి వద్దు, తిట్టినవాళ్లవి చదవమన్నాను. తిట్టినవాళ్లకి కొట్టువాడు ఏం జవాబు చెప్పాడో అది కూడా చదవమన్నాను. అది నన్ను వింతగా చూసింది. నేను ఆ వయసులో మా తాతయ్యని చూసిన చూపే.

నాకు కంకిపాడులో చీరల కొట్టు ఉంది. మచ్చ ఉన్న చీర వస్తే ఇప్పటికీ నా చేతులు దాన్ని పై మడతలోకే తెస్తాయి. కొందరు చూసి వదిలేసి వెళతారు. వెళ్లినప్పుడల్లా నాకు కాస్త గుబులుగానే ఉంటుంది, అబద్ధమెందుకు. మా తాతయ్యవి మంచి ఫొటోలు పిన్ని చాలా తీసింది. అవన్నీ ఇంట్లో ఉన్నాయి. కొట్లో మాత్రం ఆ నల్లమొహం ఫొటోనే పెట్టాను, లోపలికి అడుగుపెట్టగానే కనిపించేచోట.