సగం ధర తాటికుడుములు

ప్రయోంగ్ అక్క పక్కన ఇరవై ఏళ్లుగా కొట్టు పెట్టుకుని ఉన్నానంటేనే నా ఓర్పు ఎంతటిదో మా ఫెచ్‌బురి సంతలో ఎవరినడిగినా చెబుతారు. ఆవిడది తాటికుడుముల కొట్టు, నాది ఐసు కాఫీ బండి. పొద్దున్నే ఆవిడ నోరు లేస్తే సంత లేచినట్టు. కూరలవాళ్లతో గొడవ, కుక్కలతో గొడవ, మబ్బు పట్టి పిండి పులవకపోతే ఎండతో గొడవ. ఎవరూ దొరకనప్పుడు నేనుంటాను.

ఆవిడ తండ్రి తాటిచెట్లు ఎక్కేవాడు. మొగుడు వినై కూడా ఎక్కేవాడే. మోకాళ్లు అరిగిపోయాక దిగి కూర్చుని, ఇప్పుడు ఇంట్లో పండ్లు పిసికి గుజ్జు తీసి పెడుతున్నాడు. ఆ గుజ్జుని గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీసి, బియ్యప్పిండీ కొబ్బరిపాలూ తాటిబెల్లమూ కలిపి, ఎండలో పులియబెట్టి, అరిటాకు దొన్నెల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తుంది అక్క. మూత తీస్తే పసుపుపచ్చగా పగిలి, పైన కొబ్బరి తురుముతో ఉంటాయి. అవి కొనాలంటే ఆవిడ పద్ధతులు తెలిసుండాలి. వేలితో నొక్కి చూడకూడదు. ధర తగ్గించమన్నవాడికి తిట్లు, అడగనివాడికి పైన ఒక కుడుము ఎక్కువ. తొందరలో ఉన్నానన్న వాడికైతే అసలు అమ్మదు. "తొందరైతే మందుబిళ్ల మింగు, నా దగ్గరికెందుకు" అంటుంది.

మహమ్మారి వచ్చి బ్యాంకాక్ కార్లు ఆగిపోయాక ఈ పద్ధతులన్నీ ఎవరి మీద చూపించాలో ఆవిడకి అర్థం కాలేదు. మా ఊరికి వచ్చేవాళ్లంతా మిఠాయిల కోసం వచ్చేవాళ్లే. సముద్రం ఒడ్డున హోటళ్లు మూసేశారు, అక్కడ పనిచేసే మా వాళ్లంతా ఇళ్లలో కూర్చున్నారు. అప్పుడు సర్కారు చెరిసగం పథకం పెట్టింది. చిన్న కొట్లలో ఏం కొన్నా సగం డబ్బు కొన్నవాడు ఫోనులోంచి కడితే, మిగతా సగం సర్కారు మర్నాడు కొట్టువాడి ఖాతాలో వేస్తుంది. కొట్టు పేరు నమోదు చేయించుకుని నీలం బోర్డు తగిలించాలి. నేను మొదటివారమే తగిలించాను.

అక్క తగిలించలేదు.

"నా కుడుముకి నేను ధర కట్టాను. మధ్యలో సర్కారు సగమేంటి?" అంది. "ఇవాళ సగం ఇస్తారు, రేపు పన్ను కట్టమని ఇంటికొస్తారు. నువ్వు కట్టుకో తమ్ముడూ, నీ బుర్రకి అది చాలు."

పన్ను భయం నాకు మాత్రం లేదా? సంతలో అందరికీ ఉంది. కాకపోతే ఖాళీ గ్లాసులు తుడుస్తూ కూర్చోవడం నాకు అంతకన్నా భయం. ఆ మాటే చెప్పాను. "నీ కాఫీ తాగి చూస్తే గ్లాసులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో తెలుస్తుంది" అంది.

సంత అటు చివర ఇంకో కొట్టు ఉంది. వాళ్లు రంగు కలిపిన పిండిని యంత్రం అచ్చులో పోసి కుడుములని అమ్ముతారు. నీలం బోర్డు పెట్టుకున్నారు. ఇటు నిలబడే జనమంతా మెల్లగా అటు నడిచారు. అక్క గంపెడు కుడుములు గంపెడూ ఇంటికి మోసుకెళ్లిన రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం సంత యజమాని అద్దెకొస్తే, "ఈ నెలాఖరుకి కొట్టు ఖాళీ చేస్తున్నా, ఎవరికి ఇచ్చుకుంటావో ఇచ్చుకో" అని చెప్పేసింది. కోపంలో అన్నదే. కానీ ఆవిడ కోపంలో అన్నమాట ఏనాడూ వెనక్కి తీసుకున్నది కాదు. ఆ రాత్రి మా ఆవిడతో చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. నిన్ను తిట్టే మనిషి పోతోందని ఏడుస్తున్నావా అని మా ఆవిడ నవ్వింది. నిజంగా అందుకే ఏడ్చాను.

రెండ్రోజులకి రుంగ్‌నపా మా కొట్ల ముందు నుంచి తలొంచుకుని పోతోంది. హోటల్లో గదులు సర్దే పిల్ల. హోటల్ మూశాక కార్మికుల నిధి నుంచి కొన్నాళ్లు భృతి ఇచ్చారు, అదీ అయిపోయింది. వాళ్లమ్మకి అక్క కుడుములంటే ప్రాణం.

"ఏమే రుంగ్, నేల మీద ఏం పారేసుకున్నావ్, అలా వెతుక్కుంటూ పోతున్నావ్?" అంది అక్క.

రుంగ్ ఆగింది. చేతిసంచిలో అటు చివరి కొట్టు పొట్లం కనబడుతూనే ఉంది.

"మీ అమ్మ తింటుందా ఆ అచ్చుబిళ్లలు?"

"తినదు పిన్నీ. మొన్న ఒకటి కొరికి, ఇది చేసినవాళ్లకి నా మీద ఏం కోపమే అని అడిగింది."

"మరి మళ్లీ ఎందుకు కొన్నావ్?"

"అక్కడ పది బాట్లు, ఇక్కడ ఇరవై."

"నేనేం పెంచలేదే. ఎప్పుడూ ఇరవయ్యే."

"నువ్వు పెంచలేదు పిన్నీ, నా దగ్గరే తగ్గిపోయాయి. ఆ సగం సర్కారు నీకిస్తోందని నువ్వు వద్దంటున్నావ్. అది నీకు కాదు, నాకు ఇస్తోంది. నాకొచ్చేదాన్ని నువ్వు వద్దంటే ఎట్లా?"

నేను కాఫీ వడగడుతున్నవాణ్ణి చేయి ఆపి చూశాను. అక్క గంప మీద గుడ్డ తీసి, మళ్లీ కప్పి, మళ్లీ తీసింది.

"ఆ ఫోను పని నీకొచ్చా?" అంది చివరికి.

రుంగ్ కొట్టునంతా ఒకసారి చూసింది. "వచ్చు పిన్నీ" అని నా ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

కొట్టుదీ కొట్టు మనిషిదీ ఫోటో కావాలంది. అంతే, అక్క ఇంటికి పోయింది. గుడికి కట్టుకెళ్లే పట్టు లుంగీ కట్టుకుని, మొహానికి పౌడరు దట్టించి వచ్చేదాకా మేమంతా కూర్చోవాల్సి వచ్చింది. ఫోటోలో నవ్వమంటే నవ్వలేదు. "సర్కారుకి నా పళ్లెందుకు?" అంది.

ఆ తర్వాత ఫోనుకి ఆరంకెల రహస్య సంఖ్య వచ్చింది. దాన్ని కాసేపట్లోనే యాప్‌లో కొట్టాలి. అక్క ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, సంతంతా వినబడేట్టు ఒక్కో అంకే చదివింది.

అప్పుడు నా బండి దగ్గర కాఫీ తాగుతున్నది ఎవరు? లాటరీ సనిత్. మెడకి టిక్కెట్ల పెట్టె తగిలించుకుని తిరిగే మనిషి. మా లాటరీ టిక్కెట్టుకీ ఆరంకెలే. పెద్ద స్వామివారి కారు నంబరైనా, కల్లో కనబడిన పాము ఎన్ని చుట్లు చుట్టుకుందన్నదైనా, దొరికిన అంకెను వదిలిపెట్టే ఊరు కాదు మాది. అలాంటిది సర్కారే స్వయంగా పంపిన అంకె. సనిత్ గ్లాసు కింద పెట్టి పెట్టె తెరిచాడు.

"చివరి రెండూ ఏమన్నావు వదినా, ఇంకోసారి చెప్పు" అన్నాడు.

అక్క ఇంకోసారి చెప్పింది. చేపలవాళ్లు చేతులు కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు. నేనూ పోయాను, దాచడమెందుకు. అక్క కూడా ఫోను పట్టుకునే ఒక టిక్కెట్టు ఏరుకుంటోంది.

"పిన్నీ, అది లాటరీకి కాదు, ఇక్కడ కొట్టాలి" అని రుంగ్ మొత్తుకుంటుండగానే గడువు దాటి ఆ సంఖ్య చెల్లకుండా పోయింది. మళ్లీ అడిగితే ఇంకోటి వచ్చింది. అక్క అదీ పైకే చదివింది. ఇప్పుడు కొత్త పేచీ మొదలైంది, మొదటి అంకె నిజమా, రెండోదా అని.

"మొదటిది చచ్చిపోయింది కదా, దానికి అదృష్టమెక్కడిది? ఇదే అసలుది" అన్నాడు సనిత్. మొదటిది కొన్నవాళ్లంతా రెండోది కూడా కొన్నారు. ఈలోగా అదీ చెల్లకుండా పోయింది.

మూడోసారి రుంగ్ ఫోను లాక్కుని, గుండెలకి ఆనించుకుని, ఎవరికీ చూపించకుండా తనే కొట్టేసింది. మొదటి రెండూ లాటరీలో రాలేదు. వచ్చేది ఆ మూడోదేనని, ఆ పిల్ల కడుపులో దాచుకుందని చేపలవాళ్లు ఇప్పటికీ అంటారు.

కొన్నాళ్లకి అనుమతి వచ్చింది, నీలం బోర్డు వచ్చింది. మర్నాడు తెల్లారకముందే జనం నిలబడ్డారు. యంత్రం కుడుములు తిని విసిగిపోయినవాళ్లంతా ఫోన్లు పట్టుకుని వచ్చారు. వేలితో నొక్కినవాడికి తిట్లు పడ్డాయి. మధ్యాహ్నానికి గంప ఖాళీ. ఆ మర్నాడు సర్కారు సగం ఖాతాలో పడితే, అక్క ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "నిజంగానే వేశారు తమ్ముడూ" అంది, ఎవరో తిరిగి ఇవ్వరనుకున్న గిన్నె ఇచ్చినట్టు. నాకెంత సంతోషమైందంటే కాఫీ ఊరికే ఇచ్చాను. చక్కెర ఎక్కువైందని తిట్టింది.

నెలాఖరున సంత యజమాని వచ్చాడు.

"ఖాళీ చెయ్యడం లేదు నాయనా. ఏదో కోపంలో అన్నాను" అంది అక్క. ఆవిడ మాట వెనక్కి తీసుకోవడం నేను చూసింది అదొక్కసారే.

అతను తల గోక్కున్నాడు. "ముందే చెప్పాలి కదా పిన్నీ. నువ్వు పోతానన్న మర్నాడే ఇంకొకరి దగ్గర బయానా తీసుకున్నాను. రేపటి నుంచి అరటిపండు బజ్జీలు వేసుకుంటారు."

"ఎవరు?"

అతను చెప్పేలోగా రుంగ్ వచ్చింది, అతన్ని వెతుక్కుంటూ. రొప్పుతోంది. "నేను రాను బాబాయ్. పిన్ని ఇక్కడే ఉంటుంది. బయానా తిరిగి ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు" అంది.

అక్క పీట మీద కూలబడింది. నాకూ అప్పుడే లెక్క తెలిసింది. ఆ రోజు తలొంచుకుని పోతున్న పిల్ల అప్పటికే బయానా కట్టింది. మా మొహం చూడలేకే తలొంచుకుంది.

"నాకు ఆ బోర్డు రాకపోతే ఈ కొట్టు నీదే కదే" అంది అక్క. "తెలిసే చేశావా?"

"ఫోను పని వచ్చా అని అడిగావు కదా పిన్నీ. వచ్చినదాన్ని రాదని ఎలా చెప్పను?"

అక్క కళ్లు తుడుచుకోలేదు, అలాగే లేచింది. ఆవిరి పాత్రని రెండు చేతులా పట్టుకుని ఇటువైపు ఈడ్చింది. తర్వాత గంప, తర్వాత బల్ల. ఖాళీ అయిన చోట రుంగ్‌ని భుజం పట్టుకుని నిలబెట్టింది.

"పొయ్యి ఇక్కడ పెట్టుకో. నూనె సరిగ్గా కాగకుండా బజ్జీ వేశావంటే ఊరుకోను" అని, యజమాని వైపు తిరిగి, "కొట్టు ఒకటే, అద్దె ఒకటే. చూస్తావేం, పోయి బయానా పట్టుకురా" అంది.

అతను వెళ్లాడు. ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావ్ తమ్ముడూ? జరుగు. పిల్లకి మూకుడు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు."

నేను బండిని గోడ దాకా తోసుకున్నాను.