కస్టమర్ ఇంకా బయల్దేరలేదు

పూజితకు నవ్వు తొందరగా రాదు. నవ్వు మీద పీహెచ్‌డీ మాత్రం చేస్తోంది.

లాల్‌దర్వాజా మహంకాళి గుడి వెనక సందులో చింతపండు, ఎండుమిరపకాయలు టోకున అమ్మే కుటుంబంలో పుట్టి, ఘాటుకు తుమ్ముతూ పెరిగి, నగరానికి ఆ చివరన ఉన్న యూనివర్సిటీలో చేరింది. ఇంటర్నెట్‌లో చావు మీద, రోగం మీద, యాక్సిడెంట్ల మీద జనం పంపుకునే మీమ్‌లను ముందేసుకుని, ఆ నవ్వు వెనక ఎవరి పెత్తనం ఉందో, ఎవరి భయం సరుకుగా అమ్ముడుపోతోందో సిద్ధాంతాలు పెట్టి తేల్చడం ఆమె పని. ఇంట్లో ఎవరైనా జోకేస్తే, అందరూ నవ్వేదాకా ఆగి, ఎందుకు నవ్వారో విప్పి చెప్పేది. కొన్నాళ్ళకు ఆ ఇంట్లో జోకులు తగ్గిపోయాయి.

ఓపిగ్గా వినేది నాయనమ్మ ఒక్కతే. వాసవాంబ భర్త పోయినప్పటి నుంచి దుకాణం గద్దె మీద తానే కూర్చుంటోంది. బేరం ఉర్దూలో, తిట్లు తెలుగులో, లెక్కలు నోట్లోనే.

"నవ్వుడు మీద గూడ సదువు ఉంటదా బిడ్డా? అయిపోతే ఏమంటరు నిన్ను?"

"డాక్టర్ అంటరు నాయనమ్మా."

"సూదేస్తవా?"

"వెయ్యను."

"అయితే భయం లేదు."

ఆ ఆషాఢంలో వాసవాంబకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. డాక్టర్లు 'ఏమీ చెప్పలేం' అన్నారు. పెద్దకొడుకు విశ్వేశ్వర్, అంటే పూజిత తండ్రి, సీజన్ రాకముందే సరుకు మాట్లాడిపెట్టుకునే మనిషి. ఏమీ చెప్పలేం అన్న మాటను ఆయన తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. బోనాల వారంలో లాల్‌దర్వాజాలో ఫ్లెక్స్ కొట్టించుకోవడం అమ్మవారి దర్శనంకంటే కష్టం. తీరా అవసరం పడ్డాక ప్రింటింగ్ రాజన్న చేతులెత్తేస్తే పరువేం కావాలి? అందుకని ముందే చెప్పి పెట్టాడు.

మన గల్లీల్లో శ్రద్ధాంజలి ఫ్లెక్స్‌కు ఒక రివాజు ఉంది. పోయినవారి ముఖం పెద్దది, ఒక్కటే. దుఃఖించేవారి ముఖాలు చిన్నవి, వరసలు వరసలు. ఎవరి ముఖం తప్పిపోయినా ఏడాది పాటు మాటలుండవు. కాబట్టి విశ్వేశ్వర్ ఐసీయూ బయట కూర్చునే ఇంటి గ్రూపులో మెసేజ్ పెట్టాడు: 'అందరు తలా ఒక ఫోటో పంపుండ్రి. అర్జెంట్.' అందరూ పంపారు. ఫ్లెక్స్ మీద పోయిన తేదీ దగ్గర మాత్రం ఖాళీ వదిలారు, మార్కర్‌తో రాసుకోవచ్చని.

రాజన్న మనుషులు బోనాల బ్యానర్లు కట్టడానికి వచ్చి, చేతిలో ఉంది కదా అని దీన్నీ గల్లీ మొదట్లో కట్టేశారు. సరిగ్గా అదే పొద్దున వాసవాంబకు ఊపిరి కుదుటపడి ఇంటికి పంపారు. ఆటోలో తీసుకొచ్చింది పూజితే. ముసలామె ఆటో దిగి, చేతికి సూది గుచ్చిన చోట ప్లాస్టర్‌తో, తలెత్తి చూసింది. పైన తానే. కింద 'మీరు లేని లోటు తీరనిది'.

పరిశోధకురాలి చెయ్యి ఊరుకోదు. పూజిత ఫోటో తీసింది. కింద ఒక వాక్యం రాసింది: 'ఆర్డర్ డెలివరీ అయింది. కస్టమర్ ఇంకా బయల్దేరలేదు.' అన్నదమ్ముల పిల్లల గ్రూపులో పెట్టింది. బాబాయి కొడుకు నిఖిలేష్ దాన్ని ఒక మీమ్ పేజీకి ఎక్కించాడు. పొద్దుగూకేసరికి పురానాపూల్ నుంచి మాదన్నపేట దాకా ప్రతి ఫోన్‌లో వాసవాంబ తలెత్తి నిలబడి ఉంది.

మర్నాటి నుంచి ఆమె గద్దె ఎక్కలేదు. ఒంట్లో బాగయ్యాక కూడా మేడ మీదే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కింద విశ్వేశ్వర్ కూర్చుంటే, వచ్చినవాళ్ళు మిరపకాయల ధర అడగకముందే "అమ్మ బయల్దేరిందా?" అని అడుగుతున్నారు.

"అమ్మ కూసుంటెనే దుకాణం. నేను కూసుంటే సంతాప సభ లెక్కున్నది," అన్నాడు పూజితతో. "ఆ ఫోటో తీసినోడు దొరకాలె, వానికుంటది."

"ఫ్లెక్స్ కొట్టిచ్చింది నువ్వు గద బాపూ."

"నేను జాగ్రత్తకు కొట్టిచ్చిన. నవ్వుడుకు కొట్టియ్యలే."

నాయనమ్మను తిరిగి గద్దె ఎక్కించకపోతే ఆ ఫోటో పాపం తన మెడకే అని పూజితకు తెలుసు. మందు కూడా తెలుసు. థియరీ. మేడెక్కి, చింతపండు బుట్ట పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"జనం నిన్ను చూసి నవ్వుతలేరు నాయనమ్మా. ఏడుపును గూడ ముందుగాల్నే ఆర్డరిచ్చే ఈ మార్కెట్‌ను చూసి నవ్వుతున్నరు."

"ఆహా."

"ఆ ఫోటోల నీ చూపు చూసినవా? చావును ధిక్కరిస్తున్న చూపది. నువ్వు ఎదిరించి నిలబడ్డవ్."

"నేను ఆటో దిగి నిలబడ్డ బిడ్డా. మోకాళ్ళు గుంజుతుండె." వాసవాంబ ఒక గింజ తీసి పక్కన పడేసింది. "ఆ ఫోటో మొత్తం చూసినవా?"

"నూరుసార్లు చూసిన. దాని మీద పేపర్ గూడ రాసిన."

"మల్లొకపారి చూడు."

ఆ వారమే సెమినార్. పూజిత మీమ్‌ను తెర మీద గోడంత చేసి వేసింది. ఈ నవ్వుకు కర్త లేడంది, ముఖం లేదంది, ఇది పేరులేని జనసమూహం చావు వ్యాపారం మీద విసిరిన రాయి అంది. ముందువరసలో గైడుగారు కళ్ళు మూసుకుని తలాడించారు. నిద్రో అంగీకారమో ఆయన విషయంలో ఎవరూ విడదీయలేరు. ప్రశ్నల సమయంలో మాదన్నపేట నుంచి వచ్చే జూనియర్ ప్రీతి చెయ్యెత్తింది.

"అక్కా, కింద రెండో వరుసల, మూలకు, నల్లద్దాలు పెట్టుకోని సముద్రం ముందట ఉన్నది మీరే గదా?"

పూజిత వెనక్కి తిరిగి చూసింది. తనే. గోవా బీచ్, మూతి కాస్త ముందుకు, గాలికి జుట్టు. కింద 'అశ్రునయనాలతో పూజిత'.

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ఎవరి పెత్తనం ఉందో ఆమె విప్పి చెప్పలేదు. ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. తండ్రి మెసేజ్ రాగానే తను ఫోన్ తెరిచింది. ఒక ఫోటోలో ముఖం ఉబ్బినట్టుందని వదిలేసింది. ఇంకోదాంట్లో నల్లగా ఉన్నానని వదిలేసింది. ఇది దొరికాక రంగు కాస్త తెలుపు చేసి పంపింది. అద్దం తలుపుకు అవతల నాయనమ్మ ఊపిరి కోసం కొట్టుకుంటోంది.

"అద్భుతం," అన్నారు గైడుగారు కళ్ళు తెరిచి. "పరిశోధకురాలి స్వీయస్థానం అని ఇంకో అధ్యాయం కలపండి."

ఇంటికి వచ్చేసరికి వాసవాంబ ఇంకా బుట్ట ముందే ఉంది.

"చూసినవా?"

"చూసిన."

"అందరిలకు నీదే మంచిగొచ్చింది. మీ బాబాయిది ఓటరు కార్డుదనుకుంట, దొంగ లెక్కున్నడు."

పూజిత బుట్ట పక్కన కూర్చుంది. ముసలామె చేతులు దులుపుకుంది.

"పోవుడంటే నాకు ఫికర్ లేదే. ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. నేను ఊపిరాడక గోడ దిక్కు చూస్తుంటే మీరు ఫోటోలు ఏరుకుంటున్నరు. జర ఆగుండ్రి అని ఒక్కలన్న అన్నరో లేదో అని ఆ కింద నిలబడి చూసిన. ఎవల ముఖమన్న లేకపోతదా అని వరుసకు వరుస వెతికిన. అందరున్నరు."

చావును ధిక్కరించే చూపు అని తను పదిహేను పేజీలు రాసింది ఈ చూపు గురించే.

"తప్పయింది నాయనమ్మా. ఫోటో తీసింది గూడ నేనే. కింద రాసింది నేనే."

"తీసింది ఎరుకే, పక్కకే ఉంటివి గద. రాసింది నిఖిలేష్ అనుకున్న." వాసవాంబ పెదవి ఒక పక్కకు పోయింది. "బయల్దేరలే అంట. రాసుడైతే బాగనే రాసినవ్. ఆ ఫ్లెక్స్ ఏడున్నదిప్పుడు?"

"బాపు అటక మీద పెట్టిండు."

"పారెయ్యలే?"

"తేదీ ఖాళీగనే ఉన్నదట. మల్ల పనికొస్తదని."

వాసవాంబ కొడుకు వ్యాపారబుద్ధిని మనసులోనే మెచ్చుకున్నట్టుంది. "దింపుకరా," అంది.

మర్నాడు పొద్దున్నే ముసురు పట్టింది. వాసవాంబ కర్ర పట్టుకుని మెట్లు దిగి గద్దె మీద కూర్చుంది. దుకాణం ముందు మిరప బస్తాల మీదికి జల్లు కొట్టకుండా ఫ్లెక్స్‌ను పరదాగా కట్టించింది. తన ముఖం ఉన్న పైభాగం లోపలికి మడిచి, దుఃఖించేవారి వరసలు బజారు వైపు.

"అమ్మా, ఇజ్జత్ పోతది, తియ్యించు," అన్నాడు విశ్వేశ్వర్.

"మస్తు మందం ఉన్నదిరా. వానలు తగ్గనీ."

గొడుగు ముడుస్తూ వచ్చిన సుందరమ్మ, పదేళ్ళుగా చింతపండు కొనే హోటల్ ఆమె, వరసలన్నీ చూసి అడిగింది. "అందరున్నరు. నువ్వేడున్నవ్ ఇందుల?"

"నేను లోపల కూసున్న. ఏం కావాలె చెప్పు."

పరదా మూల ఒకటి ఊడి గాలికి కొట్టుకుంటోంది. పూజిత తాడు పట్టుకుని బయటికి వెళ్ళింది. ఆ మూల తన ముఖమే. చూరు నీళ్ళు సరిగ్గా నల్లద్దాల మీద పడి, చెంపల మీదుగా, 'అశ్రునయనాలతో' మీదుగా కారుతున్నాయి.

"ఇగో, ఇప్పుడు గద ఏడ్సుడు," అంది లోపలినుంచి వాసవాంబ.

పూజితకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. తాడు జారిపోయేంతగా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావని తండ్రి అడిగితే, తల అడ్డంగా ఊపి, మూల గట్టిగా ముడేసింది.