తల్లి పేరుతో ప్రార్థన

అల్ నహ్దా నుంచి సోనాపూర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మేరమ్మగారిది కోనసీమ. ఇక్కడ గల్ఫ్‌లో ఒకరింట్లో వంట చేస్తారు. వాళ్ల ముత్తాత ఆ లంకల్లో మొదటి బాప్టిస్టు బోధకుడట. ప్రపంచయుద్ధకాలంలో సైన్యంలో పాదిరిగా ఉన్నారట. గాయపడ్డ సిపాయిని మతం అడక్కుండా తల్లి పేరు అడిగి, ఆ పేరు చెప్పి ప్రార్థించేవారట.

ఇంతలో వెనక సీట్లోని జగిత్యాల మేస్త్రీ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు. అడిగితే, ఊళ్లో ఉన్న తమ్ముడికి గుండె ఆపరేషన్ మొదలైందన్నాడు.

మేరమ్మగారు వెనక్కి తిరిగారు. “మీ అమ్మ పేరేంటి బాబూ?”

“లచ్చవ్వ. మేం హిందువులమమ్మా.”

“మా ముత్తాత ఎవర్నీ అదడగలేదు నాయనా,” అని కళ్లు మూసుకున్నారు. పెదవులు మాత్రం కదిలాయి.

దిగేముందు మేస్త్రీ ఆగాడు. “మీ అమ్మ పేరేందమ్మా? మా రాజన్న దేవునికి నేను గూడ మీకోసం మొక్కుకుంట.”

“రూతమ్మ,” అన్నారావిడ.

బస్సు కదిలాక నా వైపు తిరిగి నవ్వారు. “అమ్మ పేరు పైకి అని ఎన్నేళ్లయిందోనండీ!”