దుంగలో వచ్చిన అడవి కప్ప

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో గనికార్మికుల పిల్లలందరికీ ఒక విద్య వచ్చేది, చప్పుడు చేయకుండా బతకడం. నైట్ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలంతా నిద్రపోవాలి కదా. మిగతా పిల్లలు వీధిలోకి పోయి గోల చేసేవాళ్లు. నాకు స్నేహితులు లేరు. అమ్మ పోయాక బాపు నన్ను ఊరినుంచి కొత్తగా తీసుకొచ్చాడు. ఎవరైనా ఆటకు పిలుస్తారేమోనని గడప మీద కూర్చునేదాన్ని. ఎవరూ పిలవలేదు.

గనిలో కప్పు కూలకుండా నిలబెట్టడానికి అడవి నుంచి దుంగలు వచ్చేవి. ఒక వానాకాలం వాటిలో పనికిరాని ముక్కను బాపు పొయ్యిలోకి తెచ్చాడు. దాని తొర్రలో ఒక అడవి కప్ప ఉంది. ఎండుటాకు రంగు, ఒంటినిండా పొక్కులు. పగలంతా కదలదు, పొద్దుగూకితేనే బయటికి వస్తుంది. ఆ ముక్కను నేను పొయ్యిలో పెట్టనివ్వలేదు. పగలు నాతోపాటు ఊరకే కూర్చునే ప్రాణి అదొక్కటే మరి.

కానీ అది ఏమీ తినలేదు. మెతుకులు వేశాను, చచ్చిన ఈగలు వేశాను. వాటి పక్కనే కూర్చుంది తప్ప నోరు తెరవలేదు. డొక్కలు లోపలికి పోయాయి. ఇదీ చచ్చిపోతుందని దుఃఖం ముంచుకొచ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం కూడా నాకు వచ్చు.

పక్కింటి అవ్వ చూసింది. ఆమెకూ నా అన్నవాళ్లు లేరు, ఎవరింటికీ పోయేది కాదు. ఆ సాయంత్రం మా గడప దాటి వచ్చి, చీపురుపుల్ల కొనకు చచ్చిన ఈగను గుచ్చి కప్ప ముందు మెల్లగా ఆడించింది. నాలుక ఎప్పుడు బయటికొచ్చిందో ఏమో, పుల్ల మీద ఈగ లేదు.

"కదిలేదే దాని కంటికి ఆనుతది బిడ్డా. కదలంది ముందటున్నా దానికి లేనట్టే" అంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గిట్ల గడప మీద కూసుంటే ఆ పోరగాండ్లకు ఎట్ల కానస్తవు?" అని అడిగింది.

"కదిలితే మింగుతది కదా అవ్వా!" అన్నాను.

బాపు లేస్తాడని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాళ్లు మింగరు తియ్యి. పో!"

వీధిలో ఆడుతున్న పిల్లల దగ్గరికి పోయి, "నేను గూడ ఆడుత" అన్నాను. ఒక పిల్ల జరిగి చోటిచ్చింది, అంతే. మర్నాడు అవ్వా నేనూ కప్పను అడవి అంచున ఎండుటాకుల్లో వదిలాం.

ఒంటరితనం నన్ను తర్వాత కూడా వదల్లేదు. ఎవరో పిలవాలని ఎదురుచూడటం మాత్రం మానేశాను. ఇల్లు మరీ మూగబోతే చెప్పులేసుకుని, నాలాగే ఒంటరిగా ఉండే వాళ్ల తలుపు తడతాను. ఆ సాయంత్రం నాకంటే ముందు భయం చంపుకుని కదిలింది అవ్వేనని నాకు చాలా ఏళ్లకు తట్టింది.