దేవన్న పెట్టిన టైమింగ్

కువైట్‌లోని ఖైతాన్‌లో కారున్న తెలుగువాళ్ల దగ్గర మెకానిక్ నర్సింగ్ పేరెత్తితే, అతని పనితనం కంటే ముందు అతని చాదస్తం గురించి చెబుతారు. ఇంజన్ విప్పి బిగించాక తాళంచెవి తన జేబులో వేసుకుంటాడు. రాచెట్ పానా పట్టుకుని ఇంజన్‌ని చేత్తోనే రెండు చుట్లు తిప్పుతాడు. లోపల ఎక్కడా ఏదీ అడ్డం తగలడం లేదని చేతికి తెలిశాక, ఇంకో రెండు చుట్లు తిప్పుతాడు. కారు గలాయన పక్కన నిలబడి ఎంత గింజుకున్నా ఆ నాలుగు చుట్లూ అయ్యేదాకా తాళంచెవి బయటికి రాదు. "నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా ఏంది?" అని వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకుంటాడు. పద్దెనిమిదేళ్లుగా అలాగే నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎందుకో ఊళ్లో ఉన్న భార్య సువర్ణకి కూడా చెప్పలేదు.

అతనిది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఇరవై ఆరేళ్ల వయసులో కువైట్ వచ్చి ఒక గ్యారేజీలో చేరాడు. ఇవాళ్టికీ అక్కడే ఉన్నాడు. అప్పట్లో అతనికి పని నేర్పింది దేవన్న. కోరుట్ల వైపు మనిషి, నర్సింగ్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. బానెట్ తెరవకుండా, ఇంజన్ చప్పుడు విని రోగం ఏమిటో చెప్పేవాడు. ఫోర్‌మన్ జావీద్ ఎవరినీ మెచ్చుకునే రకం కాదు, ఆయన కూడా కష్టమైన బండి వస్తే ముందు దేవన్న కోసమే వెతికేవాడు. ఇద్దరూ ఉండే గదిలో దేవన్న వండిన దాంట్లో మొదటి ముద్ద నర్సింగ్‌కే. పని తెలియని కొత్తవాడిని కసరకుండా నేర్పినవాడు ఆ గ్యారేజీలో ఆయనొక్కడే.

ఒకరోజు ఇద్దరూ కలిసి ఒక కారుకి కొత్త టైమింగ్ చైన్ వేస్తున్నారు. పిస్టన్లు ఆడే వేగానికీ, వాల్వులు తెరుచుకుని మూసుకునే వేగానికీ లంకె పెట్టే గొలుసు అది. నాలుగు పళ్లు అటో ఇటో అయితే పైకొచ్చే పిస్టన్ వెళ్లి తెరుచుకుని ఉన్న వాల్వుని గుద్దుతుంది, ఇంజన్ ఖలాస్. పళ్ల చక్రాల మీద గుర్తులుంటాయి. గొలుసులో మూడు లింకులకు రంగు ఉంటుంది. రంగు లింకుని గుర్తు మీద కూర్చోబెట్టి బిగించాలి. దేవన్న అలాగే బిగించి, రెండు చుట్లు తిప్పి చూసుకున్నాడు. అంతలో ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఇఖామాకి, అంటే నివాస అనుమతి కార్డుకి, వేలిముద్రలు వెయ్యాలి, ఇప్పుడే రమ్మని.

"తమ్మీ, అంత అయిపోయింది. నువ్వు మూత బిగియ్యి, నేనస్త," అని చేతులు తుడుచుకుని వెళ్లాడు.

మూత పెట్టబోతూ నర్సింగ్ లోపలికి చూశాడు. చూస్తే రంగు లింకులు గుర్తుల మీద లేవు. ఎక్కడికో జరిగిపోయి ఉన్నాయి. నిజానికి అది తప్పేమీ కాదు. రెండు చుట్లు తిరిగాక చక్రాల మీది గుర్తులు వాటి చోటికి అవి వస్తాయి గాని, గొలుసు పొడుగు వేరు కాబట్టి రంగు లింకులు అంత తొందరగా రావు. ఈ ఒక్క ముక్కా దేవన్న ఇంకా నేర్పలేదు. అన్న ఏదో కంగారులో పొరపాటు చేశాడు, జావీద్ చూస్తే పరువు పోతుంది, తనే సరిచేసి పెడదాం అనుకున్నాడు నర్సింగ్. మంచికే అనుకున్నాడు. గొలుసుని బిగబట్టి ఉంచే టెన్షనర్‌ని సడలించి, చక్రాల గుర్తుల్ని తిప్పి తీసుకెళ్లి రంగు లింకుల కింద పెట్టాడు. అటు జావీద్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. చేత్తో తిప్పి చూడాలన్న సంగతి గుర్తుకే రాలేదు. మూత బిగించేశాడు.

తాళంచెవి తిప్పింది జావీద్. లోపల ఇనుమూ ఇనుమూ కొట్టుకున్న చప్పుడు వచ్చి ఇంజన్ ఆగిపోయింది. దేవన్న తిరిగొచ్చేసరికి మళ్లీ మూత విప్పి అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. గుర్తులు ఎక్కడివక్కడ లేవు. వాల్వులన్నీ వంగిపోయాయి.

టైమింగ్ ఎవరు పెట్టారని జావీద్ అడిగితే, "నేనే పెట్టిన," అన్నాడు దేవన్న. ఆ తర్వాత నర్సింగ్‌ని పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు.

"తమ్మీ, నేను పోయినంక నువ్వేమన్న ముట్టినవా?"

"లేదన్నా," అన్నాడు నర్సింగ్.

వచ్చి ఎనిమిది నెలలే అయింది. పంపించేస్తారన్న భయం తప్ప ఆ క్షణంలో అతని ఒంట్లో ఇంకేమీ లేదు. దేవన్న మరో మాట అడగలేదు. పది రోజుల్లో గ్యారేజీ యజమాని అయిన కఫీల్ ఆయన వీసా రద్దు చేసి ఇంటికి పంపించాడు. విమానాశ్రయానికి వెళ్తూ తన పానాల సంచి నర్సింగ్ మంచం మీద పెట్టి వెళ్లాడు, నీకు పనికొస్తాయని. ఆ సంచిని నర్సింగ్ చాలాకాలం విప్పలేకపోయాడు.

పోయిన జనవరిలో ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, నేను దేవన్నను." మళ్లీ వచ్చి ఆరేళ్లుగా ఆయన కువైట్‌లోనే ఉన్నాడట. ఫహాహీల్ దగ్గర ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, ఇంటి యజమానిని బాబా అంటాడు. ఇంట్లో సామాన్లు తేవడానికి ఇచ్చిన పాత కారు పొద్దున స్టార్ట్ చేస్తే గొలుసు చప్పుడు చేస్తోందట. "చైన్ సాగినట్టున్నది. బాబాకు జెప్పిన, మా మనిషున్నడు, మంచిగ జేస్తడని. చేస్తవా?" ఆరేళ్లు ఇదే ఊళ్లో ఉండి ఎందుకు ఫోన్ చెయ్యలేదని నర్సింగ్ అడగలేదు. పని చెడగొట్టాడన్న పేరుతో వెళ్లినవాడు శిష్యుడి ముందుకి రావడానికి సిగ్గుపడి ఉంటాడని అతనికి తెలుసు.

గురువారం సాయంత్రం కారు తెచ్చాడు. నర్సింగ్ ఉండే బిల్డింగు వెనక ఖాళీ జాగాలో, కాపలా ఉండే హారిస్‌ని అడిగి అక్కడే పెట్టించారు. ఆ పూట విప్పడం అయింది. శుక్రవారం పొద్దున సెలవు గనక నింపాదిగా కొత్త గొలుసు వేయడానికి కూర్చున్నారు. చలికి ఇనుము ముట్టుకుంటే చేతులు జివ్వుమంటున్నాయి. దేవన్నకి యాభై రెండేళ్లు, జుట్టు పూర్తిగా నెరిసింది. ఆయన టార్చి పట్టుకుని నిలబడ్డాడు గాని దగ్గరికి రాలేదు.

"అన్నా, చైన్ నువ్వు పెట్టు," అన్నాడు నర్సింగ్ ఉండబట్టలేక.

"వద్దు తమ్మీ. నా చెయ్యి మంచిది గాదు."

నర్సింగ్ తలొంచుకుని తనే పెట్టాడు. ఒక్కో రంగు లింకునీ గుర్తు మీదికి తెచ్చి, టెన్షనర్ వదిలి, రాచెట్‌తో మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. చక్రాల మీద గుర్తులు వచ్చి వాటి చోట్లో ఆగాయి.

"సరిగ్గున్నదా తమ్మీ?" అన్నాడు దేవన్న.

"ఉన్నదన్నా."

"మల్లొక్కసారి జూడరాదు," అన్నాడు దేవన్న. నర్సింగ్ చూశాడు. ఆయన మళ్లీ అడిగాడు. ఇంజన్ చప్పుడుకే జబ్బు చెప్పిన మనిషి, కళ్లెదుట కనబడుతున్న గుర్తుల్ని నమ్మలేక పరాయివాడిని మూడుసార్లు అడుగుతున్నాడు.

"ఇంటికి వొయినంక మల్ల పానా పట్టలేదు నేను," అని దేవన్నే చెప్పుకుపోయాడు, ఏదో ఊరి ముచ్చట చెప్పినట్టు. "షెడ్డు పెడుదామని మా బామ్మర్ది అన్నడు. వద్దన్న. మా చిన్నోడు ఐటీఐల మెకానిక్ చేస్తనని ఏడ్శిండు. మన చేతుల ఆ పని లేదు బిడ్డా అని నేనే ఆపిన. ఇప్పుడు హైదరాబాద్‌ల వాచ్‌మన్‌గ జేస్తుండు. ఏం జేస్తం, మంచిగ జూసుకునే పెట్టిన ఆ దినం. ఎట్ల తప్పిందో ఇప్పటికి సమజ్ కాదు."

ఒక్క ఇంజన్ పోయింది, ఒక్క ఉద్యోగం పోయింది అనే ఇన్నాళ్లూ అనుకున్నాడు నర్సింగ్. ఆ లెక్కలోనే బాధపడ్డాడు. ఆ లెక్కలోనే మొక్కులు కూడా మొక్కుకున్నాడు. ఆయన తన చేతుల్నే అనుమానించి, కొడుకు చేతుల్ని కూడా అనుమానించి బతికాడని ఇవాళే తెలిసింది. ఇంక ఒక్క నిమిషం కూడా ఆ మాట దాచుకోవడం అతని వల్ల కాలేదు.

"అన్నా, నువ్వు పెట్టింది సక్కగనే ఉండె. నువ్వు వేలిముద్రలకు వొయినంక నేను ముట్టిన. రంగు లింకులు తప్పినయనుకోని టెన్షనర్ వదులు జేసి, గుర్తులు దిప్పిన. నువ్వడిగితె లేదన్న. అబద్ధం జెప్పినన్నా."

దేవన్న టార్చి ఆర్పాడు. అక్కడ బోర్లించి ఉన్న పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"ఎన్నేండ్లాయె?"

"పద్దెనిమిది."

"నాకెరికే. నీకు యాదున్నదా అని అడిగిన."

నర్సింగ్ ఆయన కాళ్ల మీద పడబోయాడు. దేవన్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని నర్సింగ్‌కి అనిపించింది.

"ఇప్పు," అన్నాడు దేవన్న లేస్తూ. "పెట్టిందంత ఇప్పు. నేను పెడ్త."

నర్సింగ్ గొలుసు తీసి ఆయన చేతికిచ్చాడు. ఈసారి టార్చి పట్టుకున్నది అతను. మొదట్లో లింకు రెండుసార్లు గుర్తు మీంచి జారింది. ఆయన ఆగి, చేతులు గుడ్డకి తుడుచుకుని, మళ్లీ పట్టుకున్నాడు. తర్వాత ఇంక వెతుక్కోలేదు. గొలుసు ఎక్కడ బిగువుండాలో, ఎక్కడ వదులుండాలో ఆ వేళ్లకి తెలుస్తూనే ఉంది. రాచెట్ తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు. రెండు చుట్లు అయ్యాక కళ్లు తెరిచి గుర్తులు చూసుకున్నాడు. సరిగ్గా ఉన్నాయా అని ఎవరినీ అడగలేదు.

మూత బిగించారు, దాని అంచుకి పూసిన సీలెంట్ జిగురు ఆరాలంటే మూడు నాలుగు గంటలు పడుతుంది. పైన గదిలో కోడికూర అయింది, రమ్మని పిలుపు వచ్చింది. దేవన్న కదల్లేదు. ఆయన్ని వదిలి నర్సింగ్ కూడా వెళ్లలేదు. జుమ్మా నమాజు అయి జనం వెనక్కి వచ్చారు, ఎండ గోడ మీంచి దిగింది. ఇద్దరూ చెరో పక్కన కూర్చునే ఉన్నారు. ఆ మూడు గంటల కంటే కష్టమైన పని నర్సింగ్ తన జీవితంలో చెయ్యలేదు.

ఆయిల్ పోసి, దేవన్నే తాళంచెవి తిప్పాడు. ఇంజన్ ఒక్క పట్టున అందుకుంది. గొలుసు చప్పుడు లేదు. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే వింటూ కూర్చున్నాడు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. చివరికి అద్దం దించాడు.

"జెప్పినవ్, మంచిదే. గని నాకొక్కనికే జెప్పినవ్ నర్సింగ్." తమ్మీ అనలేదు. "జగిత్యాల దాక అందరు నన్నే అన్నరు."

కారు వెళ్లిపోయింది. ఆ రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత వారం కూడా ఎత్తలేదు.

నెల తిరక్కముందే, నర్సింగ్ గ్యారేజీలో ఉండగా ఫహాహీల్ నుంచి అచ్చిబాబు అనే గోదావరి కుర్రాడు ఫోన్ చేశాడు. అక్కడ కూరగాయల కొట్టు చూసుకుంటాడు, ఒకసారి నర్సింగ్ దగ్గర బండి బాగుచేయించుకున్నాడు.

"అన్నయ్యా, ఇక్కడ దేవన్న గారని డ్రైవరు గారున్నారండి. మీ వైపు వారే. శుక్రవారాలు మా వాళ్ల బళ్లు చూస్తున్నారండి. నా బండికి టైమింగ్ చైన్ వేస్తానంటున్నారు. కాకపోతే పూర్వం ఆయన ఏదో ఇంజన్ పాడుచేసేసి ఇంటికెళ్లిపోయారని ఎవరో అన్నారండి. నిజమేనాండి? బండి ఇవ్వొచ్చంటారా?"

నర్సింగ్ చుట్టూ చూశాడు. ఆరుగురు పనివాళ్లున్నారు, అందులో ముగ్గురు తెలుగువాళ్లు. నాలుగడుగుల దూరంలో జావీద్ టీ తాగుతున్నాడు. గడ్డం తెల్లబడింది, ఇప్పటికీ ఫోర్‌మన్ ఆయనే, ఇప్పటికీ కఫీల్‌కి ఏ మాటైనా చేరవేసేది ఆయనే. బయటికి వెళ్లి మాట్లాడవచ్చు. మళ్లీ చేస్తానని పెట్టెయ్యవచ్చు.

"ఆ ఇంజన్ పాడుజేసింది నేను," అన్నాడు నర్సింగ్, నిలబడ్డ చోటే, కంప్రెసర్ మోతకి పైగా వినబడేలా. "దేవన్న పెట్టిన టైమింగ్ ఎన్నడు తప్పలేదు. నేను జేసి ఆయన మీద వెట్టిన. నీ బండి కండ్లు మూసుకోని ఇయ్యి. నీకు జెప్పినోనికి గూడ ఇదే జెప్పు."

తెలుగువాళ్లు ముగ్గురూ చేతిలో పని ఆపారు. జావీద్‌కి తెలుగు రాదు గాని, దేవన్న పేరు చెవిన పడింది.

"దేవన్న? హమారా దేవన్న? క్యా బోలా తూ?"

ఏమీ లేదు అనడానికి ఒక్క మాట చాలు. పద్దెనిమిదేళ్ల కింద చాలింది కూడా. నర్సింగ్ ఫోన్ జేబులో పెట్టుకుని, కంప్రెసర్ ఆపి, మొదటి నుంచి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు.